హాల్‌టికెట్ లేనివాళ్లు మన బ్యాచ్ కాదా?

సెలవులు వచ్చాయంటే చాలు, మన దగ్గర ఏ మండల కేంద్రంలో బస్సు దిగినా ఎదురుగా ఒక ఫ్లెక్సీ ఉంటుంది. పైన బడి పేరు, కింద ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్, పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం అని పెద్ద అక్షరాలు, ఆ కింద వరుసగా పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. నర్సంపేటలో అదే, పరకాలలో అదే, జమ్మికుంట, హుజూరాబాద్, తొర్రూరు ఎక్కడికి పోయినా అదే. తెల్లారి పేపర్ జిల్లా ఎడిషన్‌లో శాలువాలు కప్పుకున్న సార్లతో గ్రూప్ ఫొటో వస్తుంది. నాకు ఈ సమ్మేళనాలంటే చాలా ఇష్టం. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద రాయబోయేది చదివి మావాళ్లలోనే ఎవరో ఒకరు "నచ్చకపోతే రాకుండా ఉండాల్సింది" అంటారు. నచ్చింది కాబట్టే రాస్తున్నాను.

మాది నర్సంపేట నుంచి పాకాల పోయే దిక్కు ఒక ఊరు. జిల్లా పరిషత్ హైస్కూల్, 1998–99 పదో తరగతి. మొన్న సంక్రాంతి సెలవుల్లో అందరం కలిశాం. వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క ఇంకా అక్కడే ఉంది. మా కాలంలో గంట కొట్టిన అటెండర్ తాత ఇప్పుడు లేడు, ఆయన కొడుకును పిలిపించి కొట్టించాం, ఆ చప్పుడు వినగానే నలభై దాటిన మనుషులు సెల్‌ఫోన్లు జేబుల్లో పెట్టేసి వరుసల్లో నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే ఎత్తు ప్రకారం నిలబడ్డారు. ప్రార్థన అయింది, ప్రతిజ్ఞ చెప్పాం. ఆ ప్రతిజ్ఞ రాసింది మన నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారని, 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారని మా సోషల్ సార్ మైకులో చెప్పారు. ఐదేళ్లు రోజూ పొద్దున్నే ఆ మాటలు చెప్పాం, రాసినాయన పేరు మాత్రం చదువుకునే రోజుల్లో మాలో ఎవరికీ తెలియదు. సార్లకు సన్మానం చేశాం, బడికి బెంచీలు ఇచ్చాం, బగారా అన్నం, మటన్ తిన్నాం. చీకటి పడేదాకా ఎవరూ కదల్లేదు.

నా గొడవ ఒక్కటే. ఎవర్ని పిలిచాం అన్నది.

మా లిస్టు ఎట్లా తయారైందంటే, పదో తరగతి పరీక్షలకు బోర్డుకు పంపిన నామినల్ రోల్స్ కాపీ ఒకటి ఎవరో సంపాదించి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ పేర్లు పట్టుకొని ఫోన్ నంబర్లు వెతికారు. ఆ పని చేసినవాళ్లు నెలల తరబడి కష్టపడ్డారు, వాళ్లను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. అన్ని ఊళ్లలో ఇట్లాగే చేస్తారు. కానీ ఆ కాగితంలో ఉన్నది రెండు సెక్షన్ల పేర్లు. 1994 జూన్‌లో మేం ఆరో తరగతిలో చేరినప్పుడు ఎ, బి, సి అని మూడు సెక్షన్లు ఉండేవి, సి సెక్షన్‌కు గది చాలక వరండాలో కూర్చునేవాళ్లు. ఏడుకొచ్చేసరికి వరండా ఖాళీ అయింది. తొమ్మిదిలో బి సెక్షన్‌లో వెనక బెంచీలు ఖాళీ అయ్యాయి. పదికి మిగిలింది రెండు సెక్షన్లు, అవీ నిండా లేవు. మధ్యలో ఫెయిలై ఆగినవాళ్లు, పైనుంచి వచ్చి కలిసినవాళ్లు కొందరు ఉంటారు, సరే. అయినా ఒక సెక్షన్ పిల్లలంతా ఎటు పోయారు అని ఆ రోజు మైకు పట్టుకున్న వాళ్లలో ఒక్కరూ అనలేదు.

విచిత్రం ఏంటంటే, ఆ రోజు మైకులో చెప్పుకున్న ముచ్చట్లలో సగానికి సగం వాళ్లవే. పాకాల ఎక్స్‌కర్షన్ సంగతి తీశారు. 1213లో కాకతీయ గణపతిదేవుడు తవ్వించిన చెరువు అని సార్లు చెప్పిన పాఠం ఎవరికీ గుర్తులేదు కానీ, కట్ట దిగువన అడవిలో పరికి పండ్లు ఎక్కడ దొరుకుతాయో దారి చూపించి, ముళ్లకు అంగీ చింపుకొని, దోసిలి నిండా తెచ్చి అందరికీ పంచినవాడు అందరికీ గుర్తున్నాడు. వాడు ఏడో తరగతి తర్వాత ఒక పెద్ద రైతు దగ్గర జీతం కుదిరాడు. మండలం ఖోఖో పోటీల్లో మా ఆడపిల్లలు గెలిచిన కప్పు ముచ్చట వచ్చింది, ఇప్పటికీ హెడ్మాస్టర్ గది బీరువా మీద ఆ కప్పు ఉంది. అందులో చివరి ఛేజింగ్ మొత్తం ఒక్క అమ్మాయే లాగింది. తండా నుంచి చెప్పుల్లేకుండా నడిచి వచ్చేది, అవతలి బడి పిల్లలు బూట్లు వేసుకొని వచ్చారు, ఈమె వాళ్లను ఒక్కొక్కరినీ పట్టుకుంటుంటే మా పీఈటీ సార్ విజిల్ ఊదడం మరిచి అరిచారు. ఎనిమిదో తరగతి ఎండాకాలం సెలవుల్లో ఆమెకు పెళ్లి చేశారు. పదమూడో పద్నాలుగో ఏళ్లుంటాయి. ఆడపిల్లకు పద్దెనిమిది నిండాలని చట్టం అప్పటికే ఇరవై ఏళ్ల నుంచి ఉంది. కప్పు కథ చెప్పినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు, ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుంది అంటే మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు.

మా బడి పిల్లలు ఎందుకు మానేశారు అన్నది చదువు మీద శ్రద్ధ ఉందా లేదా అన్న మాటతో తేలేది కాదు. ఈ ప్రాంతం పంటల లెక్క చూస్తే అర్థమవుతుంది. దసరా సెలవులు అయిపోయి బడి తెరిచేసరికి పత్తి ఏరుడు మొదలవుతుంది, సంక్రాంతి దాటినా సాగుతుంది. అది ముగియకముందే మిర్చి ఏరుడు. మిర్చి మంచి ఊపు మీద వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోయే రోజులూ, పదో తరగతి పరీక్షలు జరిగే రోజులూ ఒక్కటే. కూలీ దొరకని ఇంట్లో పిల్ల బడి మానక తప్పదు, కైకిలి మీద బతికే ఇంట్లో అసలే తప్పదు. మేడారం జాతర అప్పుడూ బడి సగం ఖాళీ అయ్యేది, ఎడ్లబండ్ల మీద ఊళ్లకు ఊళ్లు కదిలిపోయేవి, కానీ జాతర అయ్యాక పిల్లలు తిరిగి వచ్చేవాళ్లు. పత్తికి పోయినవాళ్లు కొన్నాళ్లు వచ్చి, కొన్నాళ్లు రాక, చివరికి రిజిస్టర్లో పేరు కొట్టేసేదాకా పోయేది. బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టడం మన రాష్ట్రంలో 2003లో మొదలైంది, అదీ ముందు చిన్న బడులకే. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010లో. మావాళ్లు ఆ రెండింటికీ ముందే బడి దాటి వెళ్లిపోయారు.

ఇక 1997. మేం తొమ్మిదిలో ఉన్నాం. ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయిందని బడిలో పెద్దగా చేశారు, బూందీ పొట్లాలు పంచారు, నర్సంపేట నుంచి ఫొటోగ్రాఫర్‌ను పిలిపించి క్లాసు క్లాసుకూ ఫొటో తీయించారు. ఆ ఫొటోయే ఇప్పుడు మా వాట్సాప్ గ్రూపు డీపీ. ఆ ఏడాది పత్తి ఏమైందో వరంగల్ జిల్లాలో ఎవర్నడిగినా చెప్తారు. పురుగు, అదను తప్పిన వానలు, ఎన్నిసార్లు కొట్టినా పనిచేయని మందులు, ఆ మందులు ఉద్దెర తెచ్చిన దుకాణం దగ్గరే అప్పు. 1997–98లో జిల్లాలో పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు, దేశమంతా పత్రికలు వరంగల్ గురించి రాశాయి. మాకు అది పత్రికల్లో చదివిన వార్త కాదు. బెంచీల మీద కనిపించింది.

మా క్లాసులో ఒకడు ఉండేవాడు. లెక్కల్లో వాడి తర్వాతే ఎవరైనా. ఒకరోజు సారు చక్రవడ్డీ చెప్తూ బోర్డు మీద నూటికి పన్నెండు అని రాశారు. వీడు లేచి "నెలకా సార్, ఏడాదికా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు, సుద్దముక్క కింద పెట్టి "మీ ఇంట్ల ఎంతకు తెచ్చిండ్రురా?" అన్నారు. "నూటికి మూడు రూపాల మిత్తి సార్. నెలకు." అట్లయితే పదివేలు రెండేళ్లకు ఎంతయితదో చెప్పమన్నారు. నోటు పుస్తకం వెనక అట్ట మీద రెండు వరసలు రాసుకొని, ఏడాదికి ముప్పై ఆరు, ఏడాదికోసారి మిత్తి అసల్లో కలిపితే 18,496 అని చెప్పాడు. మా పుస్తకంలో వడ్డీ ఎప్పుడూ ఆరు, ఎనిమిది, పన్నెండు, మహా అయితే పదిహేను. ముప్పై ఆరు ఉన్న లెక్క అందులో ఒక్కటీ లేదు. ఆ చలికాలంలోనే వాడు బడి మానేశాడు. లెక్కల సారు సైకిలేసుకొని వాళ్లింటికి రెండుమూడుసార్లు పోయారని మాకందరికీ తెలుసు. సార్లు అట్లా పోయేవాళ్లు, తండాలకు కూడా పోయేవాళ్లు. హాజరుపట్టీలో ఉన్న ప్రతి పేరూ తమ పిల్లాడే అనుకునేవాళ్లు. పరీక్ష రాసినవాళ్లే బ్యాచ్ అనుకుంటున్నది మనం.

వాడు ఇప్పుడు నర్సంపేటలో ఆటో నడుపుతున్నాడు. సమ్మేళనం అయిన నాలుగు రోజులకు బస్టాండ్ దగ్గర కనబడ్డాడు, నేను పలకరించేలోపే "మొన్న అందరు కలిసిండ్రటగా, మంచిగ జరిగిందా?" అన్నాడు. ఎట్లా తెలుసని అడిగితే ఫ్లెక్సీ వైపు చేయి చూపించాడు. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పాడు. ఆ రోజు పొద్దున బస్సు దిగిన లెక్కల సారును తన ఆటోలోనే బడి గేటు దాకా తీసుకొచ్చాడట. "సార్ ముఖం చూసి గుర్తుపట్టిండు. పేరు యాదికొస్తలేదు, ఏ బ్యాచ్‌రా నువ్వు అని అడిగిండు. ఏం చెప్పాలె?" సారు ఇవ్వబోయిన డబ్బులు తీసుకోలేదట. గేటు లోపల మైకు టెస్టింగ్ వినబడుతుంటే ఆటో తిప్పుకొని వెళ్లిపోయాడు. చాయ్ తాగుతూ ఇదంతా మామూలుగా చెప్పాడు, నిష్ఠూరంగా కూడా అనలేదు. నాకే ఆ చాయ్ గొంతు దిగలేదు.

ఈ విషయం గ్రూపులో ఎత్తినప్పుడు వచ్చిన మాటలు కొన్ని ఉన్నాయి. ఎవరివి అన్నది వద్దు, మాటల వరకే చూద్దాం.

మొదటిది, పిలిచినా వాళ్లు రారు, వచ్చినా ఫీలవుతారు, మనం కార్లలో వస్తాం కదా అని. ఈ మాట అన్నవాళ్లు మంచి మనసుతోనే అన్నారు. కానీ వస్తారో రారో తేల్చుకోవాల్సింది వాళ్లు. పిలవకుండానే వాళ్ల తరఫున మనం తేల్చేసి, దానికి వాళ్ల మనసు నొచ్చుకుంటుందని పేరు పెట్టడం న్యాయం కాదు. పైగా రాలేని పరిస్థితి కొంత మనమే కల్పించాం. మనిషికి పదిహేను వందలు చందా పెట్టాం, టీషర్టు, మెమెంటో, భోజనం అన్నీ కలిపి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాడికి అది ఒక సాయంత్రం ఖర్చు, కైకిలికి పోయే మనిషికి నాలుగైదు రోజుల కష్టం. సంక్రాంతి సెలవుల్లో పెట్టాం, ఎందుకంటే హైదరాబాద్, బెంగళూరు వాళ్లకు అప్పుడే వీలు. ఊళ్లో ఉన్నవాళ్లకు అవి పత్తి చివరి విడతా, మిర్చి మొదటి విడతా కలిసొచ్చే రోజులు. ఇన్ని పెట్టి, వాళ్లు రారు అంటే ఎట్లా?

రెండోది, మరి గీత ఎక్కడ గీస్తాం, ఆరో తరగతి అంటే రేపు ఒకటో తరగతి అంటారు, ఊరంతా వస్తుంది అని. గీత ఎక్కడో ఒకచోట గీయాల్సిందే, ఒప్పుకుంటాను. ఆరో తరగతి దగ్గర గీద్దాం అంటున్నాను, ఎందుకంటే చుట్టుపక్కల ఊళ్ల పిల్లలం, తండాల పిల్లలం మొదటిసారి ఒక్క చోట చేరింది అక్కడ. మన దోస్తానా మొదలైంది అక్కడ. పదో తరగతి బోర్డు పరీక్ష ప్రభుత్వం తన లెక్క కోసం పెట్టుకున్న గీత. ఎవరు ఇంటర్‌కు పోవాలో తేల్చడానికి అది పనికొస్తుంది. పరికి పండ్లు పంచినవాడు నా దోస్తా కాదా అని తేల్చడానికి దాంతో పనేముంది? రిజల్ట్స్ పేపర్లో నంబర్లుగా వచ్చే రోజులవి, నంబర్ లేదంటే ఫెయిలు. ఆ పేపర్ పాతబడి ఇన్నేళ్లయినా అందులో నంబర్ ఉందా అని చూసి మనుషులను పిలవాలా?

మూడోది నిజంగా కష్టమైనది. వాళ్లు ఎక్కడున్నారో ఎట్లా తెలుస్తుంది? ముఖ్యంగా ఆడవాళ్లు. పదో తరగతి పాసైన ఆడపిల్లల్లోనే సగం మంది నంబర్లు దొరకలేదు, ఇంటిపేరు మారింది, ఊరు మారింది, ఫోన్ భర్త పేరు మీదో కొడుకు చేతిలోనో ఉంటుంది, తెలియని మగ గొంతు వినబడితే ఇంట్లో ఏమనుకుంటారో అన్న భయం ఒకటి. దీనికి మా ఆడవాళ్లలో ఒకామె, ఇప్పుడు టీచర్, మంచి దారి చెప్పింది. ఫోన్లతో కాదు, బతుకమ్మ పండక్కి తల్లిగారింటికి వచ్చినప్పుడు వెతకాలి, సద్దుల నాటికి ఆడబిడ్డలు ఊళ్లోనే ఉంటారు, ఆడవాళ్లమే ఇంటింటికీ పోయి అడుగుతాం అంది. తండాల్లో అయితే తీజ్ అప్పుడు అడగాలంది. ఇంతకంటే మంచి ఉపాయం నాకు తోచలేదు.

ఇక అందరి పేర్లూ ఉన్న కాగితం ఒకటి ఉంది, అది అడ్మిషన్ రిజిస్టర్. 2016 అక్టోబర్‌లో మన బడి వరంగల్ రూరల్ జిల్లాలోకి పోయింది, 2021లో మళ్లీ వరంగల్ జిల్లా అయింది, కలెక్టరేట్ కాగితాలు ఎన్నిసార్లు అటూఇటూ తిరిగినా ఈ రిజిస్టర్ మాత్రం బడి బీరువాలోనే ఉంటుంది. హెడ్మాస్టర్ గారిని అడిగితే కాదనలేదు. ఆయన ముందే కూర్చొని 1994 జూన్ పేజీలు తిప్పాం. పొడుగాటి రిజిస్టర్, అట్ట ఊడి గుడ్డతో కట్టి ఉంది. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, అన్నీ నీలం సిరాతో ఒకే చేతిరాత. చివర బడి విడిచిన తేదీ, విడిచిన కారణం అని రెండు గడులు. పదో తరగతి పూర్తిచేసి టీసీ తీసుకున్నవాళ్ల గడులు నిండి ఉన్నాయి. మిగతావాళ్లకు అడ్డంగా ఎర్ర సిరా గీత, దీర్ఘకాలం గైర్హాజరు అని ఒక ముక్క, చాలా చోట్ల అది కూడా లేదు. ఖోఖో అమ్మాయి పేరు ఉంది. వాళ్ల తండా పేరు ఉంది. మేం ఎవరి వ్యక్తిగత వివరాలూ రాసుకోలేదు, పేరూ ఊరూ మాత్రం రాసుకున్నాం, వాళ్లను కలిసి అడిగాకే గ్రూపులో పెడతాం.

కాబట్టి నా ప్రతిపాదన. వచ్చేసారి మే నెలలో పెడదాం, మిర్చి కల్లాలు ఎత్తాక, మిరుగు రాకముందు. వానాకాలం పనులు మొదలైతే మళ్లీ ఎవరికీ తీరదు. చందా పెట్టొద్దు, ఇవ్వగలిగినవాళ్లు ఇద్దాం, ఎవరు ఎంత ఇచ్చారో మైకులో చదవొద్దు. టీషర్టులు వద్దు, ఆ డబ్బుతో తండాలకు రెండు బండ్లు పెట్టి మనుషుల్ని తీసుకొద్దాం, రాత్రి దింపి వద్దాం. పరిచయాల్లో ఎవరు ఏం ఉద్యోగం చేస్తున్నారో చెప్పే పద్ధతి తీసేద్దాం, ఏ ఊరి నుంచి బడికి ఎట్లా వచ్చేవాళ్లమో, ఎవరి పక్కన కూర్చునేవాళ్లమో చెప్పుకుందాం. అప్పుడు మాట్లాడటానికి అందరి దగ్గరా ఉంటుంది. చనిపోయినవాళ్ల పేర్లు చదివేటప్పుడు నామినల్ రోల్స్ చూసి కాకుండా రిజిస్టర్ చూసి చదువుదాం. ఫ్లెక్సీ మీద పదో తరగతి బ్యాచ్ అని వద్దు, 1994 జూన్‌లో ఆరో తరగతిలో చేరినవాళ్లు అని రాయిద్దాం.

ఇది మా బడి ఒక్కదాని సంగతే కాదు. మీ ఊళ్లో ఇప్పుడు ఎవరైనా గ్రూపు పెట్టి నంబర్లు వెతుకుతుంటే, హాల్‌టికెట్ల లిస్టు పట్టుకునే ముందు ఒకసారి బడికి పోయి రిజిస్టర్ అడగండి, ఒక పూట పని.

ఆటో దోస్తుకు ఇదంతా చెప్పాను. వస్తావా అంటే వెంటనే సరే అనలేదు, కాసేపు ఆలోచించి, "మే నెల పెండ్లిళ్ల కిరాయిలుంటయి, తారీఖు జర ముందుగాల చెప్పుండ్రి, నేను ఎవలకూ మాటియ్యకుంట ఉంట" అన్నాడు.